ఆమత్ అంటే వచ్చినాడని

కర్నూలు, బుధవారపేట
మార్చి 11, 1912

అల్లుడా హుసేన్ వలీ,

సలాము, దువా, ఏమేమి చెప్పాలో అన్నీ చెప్పినట్టే అనుకో. నీకు సగం, మీ అమ్మకు, అదే మా చెల్లెలు బీబమ్మకు సగం.

ఈ జాబు తెలుగులో రాస్తాండానంటే ఆ తప్పు నాది కాదు. ఫారసీలో రాస్తే నీకు చదవను రాదు. ఉర్దూలో రాస్తే సగం చదివి మిగతా సగం అంచనా వేసుకుంటావు. మీ నాయన నిన్ను మిషను బడిలో వేసిన పొద్దే చెప్తి, "బావా, పిల్లోనికి ఇంటి చదువు గూడా రవంత పడనీ" అని. వింటేనా! ఆయన పోయె, అల్లా ఆయనకు మంచి చోటియ్యనీ. నువ్వు మిగిల్తివి, నాకు ఈ తెలుగు జాబులు మిగిలె.

అసలు సంగతికి వస్తా. నువ్వు కడపలో పెరేరా దొర దగ్గర చేరింది కాంపౌండరు పని నేర్చేదానికి గదా? మందులు నూరేది, సీసాల్లో పోసేది, మూత బిగించేది. మీ అమ్మ రాయించిన జాబులో చూస్తే, నువ్వు పొద్దస్తమానం లాటీను అనే భాష వల్లె వేస్తాండావంట. ఆ భాష మాట్లాడేవాళ్లు ఒక్కరు గూడా బతికి లేరంట. చచ్చినోళ్ల భాష నేర్చుకోని బతికుండేవాళ్లకు మందులిస్తావా?

నవ్వద్దు. నవ్వే హక్కు నాకుండాది, నీకు లేదు. నేను గూడా ఎవరూ మాట్లాడని భాషతోనే బతుకుతాండా. నవాబుల కాలంలో రాసిన ఇనాం పత్రాలు ఫారసీలో ఉండాయి, ఆ పొలాల కోసం కొట్లాడేవాళ్లు ఇంకా ఉండారు, అందుకని కోర్టువాళ్లు నన్ను పిలిచి చదివించుకుంటారు. పిల్లోళ్లు కొందరు పాఠానికి వస్తారు, వాళ్ల నాయన్లు కొడతారని భయపడి. ఇష్టపడి నేర్చుకునేది ఇంట్లో నా బిడ్డ నబీసా ఒక్కతే.

నబీసా పేరెత్తితి కాబట్టి చెప్తాండా. ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన తన కొడుకు ఖాసిం వలికి నబీసాను అడగమని మనిషిని పంపినాడు. నబీసా పుట్టిన ఏడాదే, ఈ పిల్ల నీకేనని మీ అమ్మకు నేను మాటిచ్చింది నిజమే. కానీ మాట గూడా పాల మాదిరే, శానా రోజులు పెడితే విరుగుతాది. రంజాన్ నెల లోపల నీకు సర్కారు దవాఖానాలో పని దొరికితే నబీసా నీది. దొరక్కపోతే నా బిడ్డను నీ కోసరం కూర్చోబెట్టేదానికి కాదు.

ఇంకో మాట. ఆ లాటీనులో క్రియలు ఎట్ల తిప్పుతారో రాసి పంపు. వస్తిని, వస్తివి, వచ్చె అని ఒక్క క్రియను వరసగా అన్ని రూపాల్లో అప్పగించేదాన్ని మేము గర్దాన్ అంటాం. ఎద్దు సంగతి పళ్లు చూస్తే తెలుస్తాది, భాష సంగతి గర్దాన్ చూస్తే తెలుస్తాది.

మీ మామ
రసూల్ సాహెబ్


కడప
ఏప్రిల్ 2, 1912

మామూ, మీకూ అత్తకూ సలాం.

మీ జాబు అమ్మకు చదివి వినిపించినా. ఆదోని సంగతి వచ్చిన చోట గొంతు తగ్గించి చదివినా, అయినా ఆమెకు వినపడె. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. "మా అన్న మాట విరిగితే పెరుగు తోడేసుకోమను" అనింది. అది మీకు రాయొద్దనింది గూడా.

లాటీను నేను కోరి నేర్చుకునేది కాదు మామూ. డాక్టర్లు మందుల చీటీలు ఆ భాషలోనే రాస్తారు. చీటీ చదవను రానోడు సీసా పట్టుకుంటే హత్యకు దిగినట్టే అంటాడు పెరేరా దొర. ఆయన మంచోడే, కాకపోతే పాతకాలం మనిషి. పని ఇప్పించమని దవాఖానా పెద్దలకు సిఫారసు రాయాలంటే, ముందు క్రియలన్నీ తడుముకోకుండా అప్పగించాల అని పట్టు పట్టినాడు. తప్పు చెప్తే రూళ్లకర్రతో మెటికల మీద కొడతాడు. నాకు మీసాలు వచ్చినాయి అని చెప్తి. మీసాల మీద కొట్టడం లేదు కదా అనె.

మీరు అడిగిన గర్దాన్ ఇదిగో. ఆమో, ఆమాస్, ఆమత్, ఆమామూస్, ఆమాతిస్, ఆమంత్. మన చేస్తాండా, చేస్తాండావు, చేస్తాండాడు మాదిరే నేను, నువ్వు అనేది తోకలోనే ఉంటాది, విడిగా చెప్పే పనిలేదు. ఒక్కటే వింత. మనము, మేము, ఈ రెండూ వాళ్లకు ఒకటేనంట! నిన్ను కలుపుకోని చెప్తాండానా, బయట పెట్టి చెప్తాండానా అనేది ఎట్ల తెలుస్తాది అని అడిగితి. దొరకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

ఈ క్రియకు అర్థమేంది అని మీరు అడుగుతారు. రూపాలు ముందు నోటికి రావాల, అర్థం దానంతట అదే వస్తాది అంటాడు దొర. వాక్యాలు గూడా రాయిస్తాండాడు. అందులో ఎవరివో పేర్లు పెట్టాల కాబట్టి ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టినా. మాదిరికి ఒకటి రాస్తాండా: హుసేనుస్ నబీసాం ఆమత్. ఇంట్లో మీరు దీన్ని పెద్దగా చదివితే బాగుంటాది. లాటీను గట్టిగా పలికితేనే దాని అందం తెలుస్తాదంట.

అల్లుడు
హుసేన్ వలి


కర్నూలు
ఏప్రిల్ 20, 1912

హుసేన్ వలీ,

సలాం రాయడం లేదు. ఎందుకో నీకే తెలుసు.

నీ జాబు వచ్చిన పొద్దు సాయంత్రం వసారాలో కూర్చోని నువ్వు చెప్పినట్టే పెద్దగా చదివితి. ఆమో, ఆమాస్ అనేసరికి మీ అత్త పీరమ్మ లోపల్నుంచి "అమాస రేపు గదా, ఇప్పుడే యాల దాని పేరెత్తుతావు" అని కేకేసె. సరే, ఆమెకు తెలీదు. నాకు తెలుసు. చదివే కొద్దీ నాకు నవ్వొచ్చె. ఇది లాటీనా? మా ఫారసీనే, ఎవరో ఎత్తుకపోయి పాడు చేసినారు! ఆమద్, ఆమదంద్ అని నేను రోజూ పిల్లోళ్లకు చెప్పే మొట్టమొదటి గర్దాన్ ఇదే. ఆమద్ అంటే వచ్చినాడు. మీ దొరకు ముందు పళ్లు ఊడిపోయినట్టుండాయి, ద అనే చోట త అంటాండాడు.

అట్ల నవ్వుకుంటానే వాక్యం చదివితి. హుసేనుస్ నబీసాం ఆమత్.

ఏందిరా ఇది? నబీసాకు చివర అం చేర్చినావు. ఫారసీలో పేరుకు అం చేరిస్తే నాది అని. నా నబీసా! ఎప్పటి నుంచిరా నీది? నికా అయిందా? ఖాజీని ఎవరు పిలిచినారు? హుసేన్ వచ్చినాడు, నా నబీసా దగ్గరికి వచ్చినాడు అని రాసి, దాన్ని నా చేతనే, నా వసారాలో, వీధి వీధంతా వినేటట్టు చదివించినావే! ఈ పుటక పుట్టి ఇంత తెలివి ఎవరి దగ్గరా చూడలేదు.

నేను ఊరికే అనుమానపడే మనిషిని కాదు. వాక్యం చదివిన నిమిషంలో తెర చాటున నబీసా చేతిలో గిన్నె కింద పడె. ఏమాయె అంటే చెయ్యి జారె అనింది. ముఖం చూస్తే చెయ్యి జారిన ముఖం కాదు అది.

నెల కిందట నేను పత్తికొండ కోర్టుకు పోయి నాలుగు రోజులు ఇంట్లో లేను. అప్పుడే వచ్చినావు గదా? రైలెక్కి, ద్రోణాచలంలో దిగి మళ్లీ రైలెక్కి, దొంగ మాదిరి నా ఇంటికి వచ్చినావు గదా? పెండ్లి కాకముందు పిల్లను చూసేదానికి వచ్చేవాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరు. మా నాయన మా అమ్మ ముఖం నికా అయినాకనే చూసినాడు. చూసినాక ఏమనుకున్నాడో అది వేరే సంగతి.

ఆదోనివాళ్లకు ఈ పొద్దే జాబు రాస్తాండా, వచ్చి మాట్లాడుకోండని. నువ్వు నీ గర్దాన్ చదువుకో.

రసూల్ సాహెబ్


కడప
ఏప్రిల్ 29, 1912

మామూ,

మీరు సలాం రాయకపోయినా నేను రాస్తాండా. సలాం.

ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్తాండా, నేను రాలేదు. పోయిన బక్రీదు నుంచి కర్నూలు మన్ను తొక్కలేదు. మీరు పత్తికొండలో ఉండిన నాలుగు రోజులూ నేను ఈడ దొర దగ్గర దెబ్బలు తింటాండా. కావాలంటే ఆయన్నే అడగండి, నా మెటికలు చూడండి.

నబీసాం అంటే నా నబీసా అని కాదు. లాటీనులో ఎవరిని గురించి ఆ పని జరిగిందో ఆ పేరుకు చివర మ్ వస్తాది, మనం నబీసాను అన్నట్టు. అంతే. ఆమత్ అంటే వచ్చినాడు అని గూడా కాదు.

ఏమని అర్థమో రాయాల గదా. ఈ జాబు చింపి మళ్లీ రాసినా, మళ్లీ చింపినా. రాయకపోతే మీరు నన్ను దొంగ అనుకుంటారు, రాస్తే సిగ్గులేనోడు అనుకుంటారు. దొంగ అనిపించుకునేదానికంటే ఇదే మేలని రాస్తాండా. ఆమత్ అంటే ప్రేమిస్తాడు.

అర్థం దానంతట అదే వస్తాది అని దొర అంటాడని రాసింది అబద్ధం. మొదటి రోజే చెప్పినాడు. మీరు పెద్దగా చదివితే తెర చాటున వినపడుతాది అనుకున్నా. పెండ్లి కాకముందు నేను ఆమెకు జాబు రాయకూడదు, మీకు రాయొచ్చు. అందుకే మీకు రాసినా. మీకు ఫారసీ వచ్చు అనేది తెలుసు గానీ, ఫారసీకి దీనికి ఇట్ల ముడి పడుతాదని నాకేం తెలుసు మామూ!

ఆదోనివాళ్లను రావద్దని రాయండి. మీ కాళ్లు పట్టుకుంటా.

హుసేన్ వలి


కర్నూలు
మే 14, 1912

హుసేన్ వలీ,

నీ జాబు రెండుసార్లు చదివితి. తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడితి, అదీ నా ఖర్మ.

ముందు నీ దొర సంగతి. కాంపౌండరుకు మొట్టమొదట నేర్పేదానికి ఆయనకు వేరే క్రియ దొరకలేదా? మాకు అరబ్బీలో మొదటి క్రియ జరబ, అంటే కొట్టెను. కొట్టెను, వాళ్లిద్దరు కొట్టిరి, వాళ్లందరు కొట్టిరి అని చదువుకుంటా పెద్దోళ్లమైతిమి, మర్యాద నేర్చుకుంటిమి. వీళ్లు బడిలో చేరిన పొద్దే ప్రేమిస్తా, ప్రేమిస్తావు అని మొదలుపెడతారు. ఆ భాష చచ్చిందంటే చావదా మరి?

నువ్వు వచ్చినావు అనుకున్నప్పుడు నాకు కోపమొచ్చె. ప్రేమిస్తావు అని తెలిసినాక ఇంకా ఎక్కువొచ్చె. వచ్చినోడు పోతాడు. ఇది అట్ల పోయేది కాదు.

సరే, నీ మీద నింద వేస్తిని గదా, న్యాయంగా విచారిద్దామని నబీసాను పిలిచి అడిగితి. "హుసేన్ ఈ ఇంటికి వచ్చినాడా, చెప్పు" అంటి. తల వంచుకోని "రాలేదు నాయనా" అనింది. నా మనసు కుదుటపడె. వెంటనే "నేనే పోయినా" అనింది.

విన్నావా! నేను పత్తికొండలో కూర్చోని ఎవరిదో పొలం హద్దులు చదువుతాంటే, మీ అత్త పీరమ్మ, నా బిడ్డ, ఇద్దరూ కడప దర్గాకు మొక్కు అని బయలుదేరి మీ ఇంట్లో దిగినారంట. మీ అమ్మ కోడికూర చేసిందంట. నువ్వు అరుగు మీద వల్లె వేస్తాంటే ఆమో అంటే ఏంది అని నబీసా అడిగిందంట, నువ్వు చెప్పినావంట. మీ అత్త పక్కనే ఉండి వినిందంట! "ఏం చెప్పినాడు, చెడ్డ మాట చెప్పినాడా? అడిగింది నీ బిడ్డే గదా" అంటాండాది నా మీదికి వచ్చి. అమాస అని కేకేసిన మనిషి! అన్నీ తెలిసి వేసిన కేక అది.

ఫారసీ క్రియకు ఆడా మగా తేడా లేదు. ఆమద్ అంటే వచ్చినాడు, వచ్చింది, రెండూ. నేను తప్పు చదవలేదు హుసేన్ వలీ. ఎవరు వచ్చినారనేది ఒక్కటే తప్పు చదివినా. నీ ఒట్టు నిజమే, నువ్వు రాలేదు. నా ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి, చదువుకున్నోడు అని ఊరంతా చెప్పుకునే నాకు మటుకు తెలీలేదు.

ఆదోనివాళ్లకు జాబు పోయింది. ఆ పెద్దాయన పత్తి అమ్మే పని మీద బొంబాయి పోయినాడంట, జూలై పందొమ్మిది శుక్రవారం కొడుకును పిల్చుకోని వస్తానని రాసినాడు. నేను రమ్మంటి, వాళ్లు వస్తామనిరి. ఇప్పుడు వద్దనేదానికి నాకు నోరు రాదు. నీకు ఇంకా పని లేదు. నీ చేతిలో ఉండేది గర్దాన్ ఒక్కటే. దానితో నా బిడ్డకు అన్నం పెడతావా?

రసూల్ సాహెబ్


కడప
జూలై 3, 1912

మామూకు,

నబీసాను తిట్టొద్దు. అత్తను గూడా. ఆ పొద్దు అరుగు మీద ఆమె అడిగింది నిజమే, నేను అర్థం చెప్పి ఊరుకోలేదు. ఆ క్రియను నా పేరుతో, ఆమె పేరుతో కలిపి చెప్పినా. ఆమె లేచి లోపలికి పోయింది. అంతే జరిగింది, అంతకంటే ఏమీ జరగలేదు.

పరీక్ష అయిపోయింది. దొర క్రియలన్నీ అడిగినాడు, ఒక్కటి గూడా తప్పలేదు. అప్పుడు నిజమైన చీటీలు కట్టగట్టి ముందర పెట్టి చదవమన్నాడు. చదివితి. మామూ, ఆ చీటీల్లో ప్రేమిస్తాను లేదు, ప్రేమిస్తావు లేదు, వచ్చినాడు లేదు, పోయినాడు లేదు. ఉండేదంతా ఆజ్ఞలే. తీసుకో, కలుపు, ఇయ్యి. ఏడాదిగా దెబ్బలు తిని నేర్చినదాంట్లో ఒక్క ముక్క గూడా మందుల్లో పడదు. "మరి ఇవన్నీ యాల నేర్పినావు దొరా" అని అడిగితి. "నాకు వేరే ఎవరూ దొరకలేదు, మాట్లాడుకునేదానికి" అనె. పోనీ పాపం అనిపించె.

సిఫారసు రాసిచ్చినాడు. పని దొరికింది, మీరు పెట్టిన రంజాన్ గడువు లోపలే. కోసిగి దవాఖానాలో కాంపౌండరు. ఈ నెల ఇరవై ఎనిమిదికి చేరాల. ఆడ వానల్లేక జనమంతా పనుల కోసం ఊర్లు వదిలి పోతాండారంట, మందు తాగేదానికి ఎవరు మిగిలినారో చూడాల.

కోసిగికి పోవాలంటే రైలు ఆదోని మీదుగానే పోతాది. అయినా ఆదోనివాళ్లను రమ్మన్నాక మీరు మాట తప్పరు అని నాకు తెలుసు, తప్పమని అడిగేదానికి నేనెవరు? ఆ స్టేషను వచ్చినప్పుడు కిటికీ తలుపు దించుకోని కూర్చుంటా. ఆ ఊరు ఎట్లుంటాదో నేను చూడలేను మామూ. నాకు ఏడుపొస్తాండాది, ఈ మాట మగోడు రాయకూడదు, రాసినా.

హుసేన్ వలి


కర్నూలు
జూలై 20, 1912

అల్లుడా,

నిన్న ఆదోనివాళ్లు వచ్చిరి. పెద్దాయన, కొడుకు ఖాసిం వలి, ఇంకా ఎవరో మేనమామ. పిల్లోడు మంచోడే. ఒకటి దాచుకోకుండా చెప్తాండా, నీకంటే ఎత్తు. మీ అత్త షర్బత్తు చేసింది, చక్కెర వేయడం మర్చిపోయింది. మర్చిపోయింది అంటాండాది.

మాటలయినాయి. తాంబూలం పళ్లెం ముందర పెట్టినారు. నేను సరే అంటే అయిపోతాది. మన ఆచారం నీకు తెలుసు గదా, పిల్లను ఒక మాట అడగాల, ఆమె ఊరకుంటే ఒప్పుకున్నట్టే. ఆడపిల్లలందరూ ఊరకుంటారు. నేను గూడా అదే అనుకోని తెర దగ్గరికి పోతి. వచ్చినోళ్లకు వినపడినా అర్థం కాగూడదని ఫారసీలో అడిగితి. "మీఖాహీ?" అంటి. నీకు ఇష్టమేనా అని.

ఒక గడియ ఏమీ వినపడలేదు. సరే, అయిపాయె అనుకుంటి. నా గుండె యాల బరువెక్కెనో నాకే తెలీదు.

"నమీఖాహం" అనింది. నాకు ఇష్టం లేదు అని.

హుసేన్, ఏం చెప్పమంటావు. మా నాయన కన్ను మూసినప్పటి నుంచి ఫారసీలో ఎవరూ నాతో మాట్లాడలేదు. పిల్లోళ్లు అప్పగిస్తారు. వాళ్లు వచ్చినాడు అంటే ఎవరూ రారు, పోయినాడు అంటే ఎవరూ పోరు. గిలక బావిలో తిరిగినట్టు నా ఇంట్లో ఆ మాటలు ఊరికే తిరుగుతాంటాయి. నిన్న నా బిడ్డ ఆ భాషలో నాకు ఒక సంగతి చెప్పింది. దానికి వేరే భాషలో చెప్పే ధైర్యం లేక దీంట్లో చెప్పింది. నా కండ్లల్లో నీళ్లు తిరిగె. తెర పట్టుకోని నిలబడితి.

"పాప ఏమనింది సాహెబ్" అని పెద్దాయన అడిగె. మా చెల్లెలికి ముందిచ్చిన మాట ఒకటుండాది, అది ఇంకా చెల్లుతాదంట, అని చెప్తి. వాళ్ల ముఖాలు మాడె. మాట తప్పినోడు అని ఆదోని అంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. పత్తి మార్కెట్టులో వాళ్లకు వేరే పనుంటాది, నాలుగు రోజులకు మర్చిపోతారు. పిల్లోడు మటుకు పోయేటప్పుడు నాకు సలాం చేసి పోయె, అది నాకు కష్టమనిపించె.

నబీసా ఇప్పుడు లోపల అన్నం వండుతాండాది. పొద్దున ఎప్పటి మాదిరే పాఠానికి వచ్చి కూర్చునె.

కోసిగిలో చేరేదానికి ఇంకా వారం రోజులుండాది గదా. ఖాజీతో మాట్లాడినా. మీ అమ్మను పిల్చుకోని బయలుదేరు, ఆమె పెరుగు గూడా తెచ్చుకోమను, వద్దన్నా తెస్తాది. ఆదోని స్టేషనులో కిటికీ తెరిచే పో, నబీసా పక్కన కూర్చోని ఊరు చూస్తాది.

మా పిల్లోళ్లందరూ ఒకే చోట తప్పు చేస్తారు. ఆమద్ అంటే వచ్చినాడు కదా, రా అని పిలవాలంటే గూడా దానికే ఏదో తోక తగిలించి చెప్తారు. అట్ల కాదు. ఆ రూపం పూర్తిగా వేరే, ఊహించి చెప్పలేం, ఎవరైనా పిలిస్తేనే తెలుస్తాది.

బియా, హుసేన్. రా.

మామ